చెరసాల నాయకుడు కత్తి దూసిన రాత్రి

పాఠ్యభాగములు: అపొస్తలుల కార్యములు 16:25–34, 1 రాజులు 19:1–8



ఈ నెల పాఠమునకు ఫిలిప్పీ చెరసాలను తీసికొనుచున్నాము. ఈ భాగమును మనము సాధారణముగా పాటల రాత్రిగానే చదువుదుము. పౌలు సీలలు పాడిరి, భూమి కంపించెను, తలుపులు తెరచుకొనెను, తెల్లవారకముందే ఒక ఇంటివారందరు బాప్తిస్మము పొందిరి. ఆదివారపు బడి పిల్లలకు సహితము ఈ కథ కంఠతా వచ్చును. అయితే తలుపులు తెరచుకొనుటకును బాప్తిస్మమునకును నడుమ ఒక చిన్న సంగతి యున్నది. చాల ఏండ్లు నేను దానిని దాటిపోతిని. నిద్రనుండి లేచిన చెరసాల నాయకుడు బార్లా తెరచియున్న తలుపులు చూచి, ఖైదీలందరు పారిపోయిరని తలంచి, తన్ను తాను చంపుకొనుటకు కత్తి దూసెను.

అతడు దుష్టుడు కాడు. మతి తప్పినవాడును కాడు. ఉద్యోగస్థుడు, పెండ్లాము పిల్లలు గలవాడు. ఖైదీలు తప్పించుకొనినయెడల కావలివారికి ఏ గతి పట్టునో ఇదే గ్రంథము 12వ అధ్యాయములో హేరోదు చేసిన పనిలో చూడవచ్చును. తెల్లవారితే పరువు పోవును, ప్రాణము పోవును, ఇంటివారు వీధిపాలగుదురు. ఈ లెక్క అంతయు అతడు ఒక్క నిమిషములో వేసికొనెను. దీపము తెచ్చి లోపల చూడలేదు. ఎవరినీ అడుగలేదు.

అట్టివారు మన మధ్య నున్నారు. కౌలుకు తీసికొనిన చేను కోతవేళ నీట మునిగినవాడు, రొయ్యల చెరువు రాత్రికి రాత్రి చచ్చిపోయినవాడు, ఫోనులో అప్పు తీసికొని ఆ ఫోను మ్రోగినప్పుడెల్ల వణకువాడు, పరీక్ష తప్పిన గుడివాడ కుర్రవాడు, కాన్పు అయిన నెలకు బిడ్డను చూచినను సంతోషము పుట్టని తల్లి, పిల్లలు దూరదేశములలో నుండగా ఒంటిగా గంజి కాచుకొను ముసలామె. వీరెవరును మన కంటికి రోగులుగా కనబడరు. ఆదివారమునాడు తెల్లబట్టలు కట్టుకొని మన ప్రక్కనే కూర్చుందురు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకొనవలసియున్నది. నాలుగేండ్ల క్రిందట ఒక శనివారము సాయంకాలము ఒక కౌలురైతు మా ఇంటి అరుగు దగ్గరకు వచ్చి నిలువబడెను. నేను మరునాటి ప్రసంగము వ్రాసికొనుచుంటిని.

“అయ్యగారూ, ఒకసారి ప్రార్థన చెయ్యండి” అనెను.

“ఏమైందన్నా?” అని అడిగితిని గాని కాగితములు చేతిలోనే యున్నవి.

“ఏం లేదండి. రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదు. ఇక నా వల్ల కాదనిపిస్తుందండి.”

తలమీద చెయ్యి వేసి రెండు నిమిషములు ప్రార్థించి, విశ్వాసముంచుము, రేపు ఆరాధనకు రమ్మని పంపివేసితిని. మరునాడు అతడు రాలేదు. ఆ రాత్రి అతడు తన ప్రాణము తీసికొనబోగా భార్య చూచి కేకలు వేసెను; ఇరుగుపొరుగువారు ఆటోలో ఆసుపత్రికి తీసికొనిపోయిరి; దేవుని కృపవలన బ్రదికెను. కొన్ని వారములైన తరువాత నేను అతని మంచము దగ్గర కూర్చుండగా అతడు నన్ను నిందింపలేదు. “ఆ రోజు మీరు కూర్చోమంటారేమో అనుకున్నానండి” అని మాత్రము అనెను. అతని అనుమతితోనే ఇది వ్రాయుచున్నాను. ఊరు పేరు అడుగవద్దు.

ఇప్పుడు పౌలు ఏమి చేసెనో చూడుడి. అతని వీపు దెబ్బలతో చీలియున్నది, చుట్టును చీకటి. అయినను ఆ చీకటిలోనుండి అతడు గట్టిగా కేక వేసెను. మెల్లగా గొణుగలేదు, మనసులో ప్రార్థించి ఊరకుండలేదు. ఆ కేకలో ఉపదేశము లేదు, గద్దింపు లేదు. నీకు నీవు కీడు చేసికొనకుము, మేము ఎక్కడికిని పోలేదు, అన్నంత మాత్రమే. అతడు జరిగెననుకొనిన నష్టము జరుగనేలేదని చెప్పెను. నిరాశలో నున్నవానికి తన కష్టము ఉన్నదానికంటె పెద్దదిగా కనబడును. ప్రక్కనున్నవాడు ఉన్నది ఉన్నట్టు చెప్పినయెడల చెయ్యి ఆగును. రక్షణమును గూర్చిన మాటలు, గాయములు కడుగుట, భోజనము, బాప్తిస్మము అన్నియు తరువాత వచ్చినవి. ముందు కత్తి ఒరలోనికి పోవలెను.

మనలో అనేకులకు ఒక భయమున్నది. “చచ్చిపోవాలనిపిస్తోందా?” అని అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లగునేమో అని. ఇది సరికాదని వైద్యులు పరిశోధించి చెప్పుచున్నారు. సూటిగా, ప్రేమతో అడిగినయెడల ఆలోచన పుట్టదు, గుండెలోని బరువు దిగును. గనుక డొంకతిరుగుడు వద్దు. “పిన్నీ, నాలుగు రోజులుగా అన్నం తినట్లేదంట. బతకాలని లేదనిపిస్తోందా?” అని అడుగుడి. అడిగి, నోరు మూసికొని, వినుడి. యోబు స్నేహితులు ఏడు దినములు నేలమీద అతనితో మౌనముగా కూర్చుండినంతవరకు మంచి స్నేహితులే. నోరు తెరచిన తరువాతనే చెడిపోయిరి. “నాకంటె కష్టాలు పడ్డావా”, “పిల్లల మొహం చూసైనా సిగ్గులేదా” అను మాటలు మన ఊళ్ళలో ఓదార్పు పేరున చెల్లుచున్నవి. అవి మానవలెను.

రెండవది, కత్తిని దూరము చేయవలెను. చావవలెనను ఉద్రేకము చాలమందిలో కొద్ది గడియలే తీవ్రముగా నుండును. ఆ గడియలు దాటించినవారిలో ఎక్కువమంది బ్రదుకుదురు. మన ఇండ్లలో పురుగుమందు డబ్బాలు వంటయింటి గూటిలోను మంచము క్రిందను ఉండుట మీకు తెలియును. తమిళనాడు కడలూరు జిల్లా కాట్టుమన్నార్‌కోయిల్ ప్రాంతములో డాక్టరు లక్ష్మీ విజయకుమార్ గారును ఆమె తోటివారును ఒక ఏర్పాటు చేసిరి. రైతులు మందులను ఇంటిలో ఉంచుకొనక, ఊరిలో ఒకచోట ఎవరి తాళపుపెట్టెలో వారు దాచుకొనిరి. ఆ ఊళ్ళలో ఆత్మహత్యలు తగ్గినట్లు 2013లో ప్రకటించిరి. పెట్టెకు తాళమే గదా అని తీసిపారవేయకుడి. ఇంటిలో ఒకరు క్రుంగియున్నప్పుడు డబ్బాలను ఆ పూటకే పొరుగింటికి పంపుడి, ఆ మనిషిని ఒంటరిగా విడువకుడి.

మూడవది దీపము. చెరసాల నాయకుడు దీపములు తెప్పించుకొని లోపలికి పరుగెత్తెను. కావున మన ప్రాంతములో దీపములు ఎక్కడ నున్నవో చెప్పెదను; ఇది కూడ పాఠములోని భాగమే.

ప్రాణాపాయము ఆ క్షణములోనే యున్నయెడల 108. మన రాష్ట్రములో ఆ బండ్లు 2005నుండి తిరుగుచున్నవి. అపాయము అంత దగ్గర లేకపోయినను మనసు తట్టుకొనలేకున్నయెడల 14416. దీనికి టెలీ మానస్ అని పేరు. భారత ప్రభుత్వము 2022 అక్టోబరు 10న ప్రారంభించినది. రాత్రింబగళ్ళు పనిచేయును, రుసుము లేదు, తెలుగులో మాటలాడవచ్చును. శిక్షణ పొందినవారు ముందు విందురు, అవసరమైనచో మానసిక వైద్యునితో కలుపుదురు. రోగియే చేయవలెనని లేదు, ఏమి చేయవలెనో తోచని భార్యయు, అన్నయు చేయవచ్చును. అక్కరలో నున్నవానికి అంకెలు నొక్కుటకు కూడ చేతులు రావు గనుక మీరే కలిపి ఫోను వాని చెవిదగ్గర పెట్టుడి.

ఆసుపత్రికి వెళ్ళవలసినచో, దివిసీమవారికి అవనిగడ్డలోను, ఉత్తరపువారికి గుడివాడలోను ప్రభుత్వ ఆసుపత్రులున్నవి. మచిలీపట్టణములో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల తెరచిరి. జిల్లా ఆసుపత్రి దానితో కలిసియున్నది. చీటీ వ్రాయుచోట మనస్సు వైద్యుని చూపింపుడని సిగ్గుపడక అడుగుడి. వెళ్ళునప్పుడు తోడు వెళ్ళుడి. ఒంటిగా పంపినవాడు బస్టాండు దగ్గరనుండి తిరిగి వచ్చును, నేను చూచితిని. మీ ఊరి ఆశ కార్యకర్తకు చెప్పినను దారి చూపును.

పోలీసు కేసగునని దాచువారు అనేకులు. 2017లో చేసిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము 2018 మే నెలలో అమలులోనికి వచ్చెను. ప్రాణము తీసికొనబోయినవాడు తీవ్రమైన ఒత్తిడిలో నుండెనని తలంచవలెననియు, శిక్షింపక అతనికి వైద్యము చేయించుట ప్రభుత్వపు బాధ్యతయనియు దాని 115వ సెక్షను చెప్పుచున్నది. 2024 జూలై 1న వచ్చిన క్రొత్త శిక్షాస్మృతిలో పాత 309వ సెక్షనును ఉంచలేదు. గనుక కేసు భయముచేత ఎవరినీ ఇంటిలోనే ఉంచి నాటువైద్యము చేయకుడి.

ఇక ఒక కఠినమైన మాట. దయ్యము పట్టెనని, నలుబది దినములు ప్రార్థన పెట్టవలెనని చెప్పి రోగులను గొలుసులతో కట్టువారు, మాత్రలు మాన్పించువారు కొందరున్నారు. 2001 ఆగష్టు 6న తమిళనాడు ఏర్వాడిలో రోగులను కట్టియుంచిన ఒక పాక అంటుకొని 28 మంది కాలిపోయిరి, గొలుసులుండుటచేత పారిపోలేకపోయిరి. అది దర్గా ఊరు గదా, మనకేమి అని అనకుడి. మన ప్రార్థనా స్థలములలోను ఈ పాపము జరుగునప్పుడు మనము చూచి ఊరకుండలేదా? ఏ మతమువారైనను రోగిని గొలుసులతో కట్టుట ఇప్పుడు చట్టవిరుద్ధము. పాము కరచినవానిని మన దివిసీమలో నేడు ఎక్కడికి పరుగెత్తించుచున్నాము? ఆసుపత్రికే. ప్రార్థించుచునే పరుగెత్తించుచున్నాము. మనస్సునకు కాటు పడినప్పుడు మాత్రము వేరు న్యాయమెందుకు? క్రుంగుదలకు ఇచ్చు మాత్రలు చాలమందిలో పనిచేయుటకు రెండు మొదలు నాలుగు వారములు పట్టును. వారము దినములు మ్రింగి, గుణము లేదని మానివేయరాదు. గుణము కనబడెనని డాక్టరును అడుగక మానివేయుటయు తగదు.

ఏలీయా సంగతి ఇక్కడ జ్ఞాపకము చేసికొనుడి. అగ్నిని దింపిన ప్రవక్తయే ఆ తరువాత అరణ్యములో చెట్టుక్రింద పడి చావు కోరుకొనెను. దేవుడు అతని విశ్వాసమును ప్రశ్నింపలేదు. నిద్రపోనిచ్చెను, లేపి రొట్టెయు నీళ్ళును ఇచ్చెను, మరల నిద్రపోనిచ్చెను, మరల పెట్టెను. మాటలాడినది ఆ తరువాతనే. ప్రవక్తకే అట్లయినప్పుడు మన సంఘములో క్రుంగినవానిని అల్పవిశ్వాసియని పిలుచుటకు మనమెవరము?

దివిసీమవారికి ఈ సంగతి ఇంకొక విధముగా తెలియును. 1977 నవంబరు 19 శనివారమునాడు ఉప్పెన వచ్చి పదివేలమందికి పైగా చనిపోయిరి. నేను అప్పటికి పుట్టలేదు; మా అమ్మ చెప్పగా వింటిని. బియ్యము వచ్చెను, బట్టలు వచ్చెను, తరువాత ఇండ్లును వచ్చెను. రాత్రులు నిద్ర పట్టుచున్నదా అని మాత్రము తన్ను ఎవరును అడుగలేదట. మా సంఘములో ఒక అవ్వ నేటికిని నవంబరు నెలలో గాలి లేచినయెడల దీపము ఆర్పదు, మంచమెక్కదు. ఆమె చేతిలోనుండి బిడ్డ జారిపోయెను. ఇన్నేండ్లు ఆమెను మనము “గాలి అవ్వ” అని నవ్వితిమి. అది వెర్రి కాదు, గాయము. దానికి వైద్యమున్నదని నేనును ఆలస్యముగానే తెలిసికొంటిని. ఇప్పుడు గాలి లేచిన రాత్రి స్త్రీల సమాజమువారు ఇద్దరు ఆమె ఇంట పండుకొనుచున్నారు.

ఇట్టి పనికి పెద్ద చదువు కావలెనేమోనని వెనుకాడువారికి ఒక సంగతి. చాడ్ వారా అను ఆంగ్లికన్ గురువు యౌవనములో పాతిపెట్టిన ఒక బాలిక, తన శరీరములో కలిగిన సహజమైన మార్పును రోగమనుకొని ప్రాణము తీసికొనెను. అడుగుటకు ఆమెకెవరును లేకపోయిరి. అది మరువలేక ఆయన 1953 నవంబరులో లండనులోని తన గుడిలో ఒక టెలిఫోను పెట్టి, చావదలచినవారు పిలువవచ్చునని ప్రకటించెను. ఆయనను చూడవచ్చినవారికి గుమ్మములో టీ ఇచ్చుటకు కొందరు సాధారణ స్త్రీపురుషులు కూర్చుండిరి. కొన్ని నెలలకు ఆయన ఒకటి గమనించెను. వచ్చినవారిలో అనేకులు టీ ఇచ్చినవారితో మాటలాడి, ఆయనను చూడకయే తేలికపడి వెళ్ళిపోవుచున్నారు. 1954లో ఆ పని వారికే అప్పగించెను. అదియే సమారిటన్స్ అను సంఘము. గురువులమైన మాకు ఇది కొంచెము నొప్పిగానే యుండును గాని మంచి నొప్పి.

ఎంత చేసినను కొందరిని మనము పోగొట్టుకొందుము. వారి ఇంటికి వెళ్ళకుండ తప్పించుకొనకుడి. ఎట్లు జరిగెనని ఆరా తీయవద్దు. నా సంఘములో అట్టివారిని అందరితో పాటు అదే సమాధుల తోటలో, అదే క్రమముతో పాతిపెట్టుచున్నాను. కొందరు పెద్దలు ఒకసారి అభ్యంతరము చెప్పిరి. ఆ తల్లిని చూచిన తరువాత వారే పెట్టె మోసిరి.

మా గుడి వాకిట ప్రకటనల బల్లమీద 108, 14416 అను అంకెలు పెద్దవిగా వ్రాయించితిమి. పై చెప్పిన సహోదరుడు ఇప్పటికిని ఆసుపత్రికి వెళ్ళి మందులు తెచ్చుకొనుచున్నాడు. అప్పు ఇంకను తీరలేదు. ప్రతి శనివారము సాయంకాలము మా అరుగుమీద కాసేపు కూర్చుండి పోవును. మొన్నటి శనివారము అతడు ఒంటిగా రాలేదు. పొరుగూరి కుర్రవానిని వెంటబెట్టుకొని వచ్చి, “అయ్యగారూ, వీడికి కాస్త కూర్చోడానికి చోటియ్యండి” అనెను. నేను ప్రసంగపు కాగితములు లోపల పెట్టి వచ్చితిని.