గిలాన సేవ: కడగడం సగం, అడగడం సగం

 

పోయిన పాఠంలో సిగాలోవాద సుత్తం చదువుకున్నాం. తల్లిదండ్రులు తూర్పు దిక్కు అని, వాళ్ళు మనల్ని పెంచారు కాబట్టి మనం వాళ్ళను పోషించాలని అందులో ఉంది. అందరం తలలు ఊపాం. పోషించడం అంటే బువ్వ పెట్టడం, బట్ట కొనడం వరకు మనకు తెలుసు. అమ్మో నాన్నో నోట్లో గొట్టంతో ఐసీయూలో పడి ఉన్నప్పుడు పోషించడం అంటే ఏంటి? ఈ పాఠం దాని గురించే. పాళీలో రోగిని గిలానుడు అంటారు, రోగి సేవను గిలాన సేవ అనుకుందాం.

వినయ పిటకంలోని మహావగ్గంలో ఒక ఘటన ఉంది. విరేచనాల జబ్బుతో ఒక భిక్షువు తన మలమూత్రాల్లోనే పడి ఉన్నాడు. బుద్ధుడు, ఆనందుడు విహారాలు చూసుకుంటూ అక్కడికి వచ్చారు. నిన్ను చూసేవాళ్ళు ఎవరూ లేరా అని బుద్ధుడు అడిగితే లేరన్నాడు. తను మిగతా భిక్షువులకు ఏ పనీ చేసిపెట్టలేదట, అందుకని వాళ్ళూ పట్టించుకోలేదట. బుద్ధుడు ఆనందుణ్ణి నీళ్ళు తెమ్మన్నాడు. ఆయన నీళ్ళు పోస్తే ఆనందుడు కడిగాడు. తలవైపు ఆయన, కాళ్ళవైపు ఆనందుడు పట్టుకుని లేపి మంచం మీద పడుకోబెట్టారు.

ఈ కథ చెప్పేవాళ్ళు చాలామంది ఇక్కడే ఆపేస్తారు. కడగడం గొప్పే. కానీ అసలు సంగతి తర్వాత ఉంది. బుద్ధుడు అక్కడి నుంచి వెళ్ళి సంఘాన్ని పిలిచి వరసగా ప్రశ్నలు వేశాడు. ఫలానా విహారంలో రోగి ఉన్నాడా? అతని జబ్బేంటి? చూసేవాళ్ళున్నారా? ఎందుకు లేరు? పడుకున్నవాడికి అడిగే ఓపిక లేదు, అతని తరఫున బుద్ధుడు అడిగాడు. జవాబు విన్నాక, మీకిక్కడ అమ్మానాన్నలు లేరు, ఒకరినొకరు చూసుకోకపోతే ఎవరు చూస్తారన్న అర్థంలో మాట్లాడి, ఎవరెవరు రోగిని చూడాలో నియమం పెట్టాడు. సేవంటే కడగడమొక్కటే కాదని, రోగి బాధ్యత ఉన్నవాళ్ళను నిలదీసి అడగడం కూడా సేవేనని నేను ఇందులోంచి తీసుకుంటాను.

మరి మనవాళ్ళు ఆసుపత్రిలో ఎందుకు అడగరు? చదువు లేక అనేస్తాం. నేను ఒప్పుకోను. డిగ్రీ చదివిన కొడుకులు కూడా తెల్లకోటు కనపడగానే చేతులు కట్టుకుని నిలబడటం చూశాను. ఆ చేతులు కట్టుకోవడం వెనక చరిత్ర ఉంది. బాబాసాహెబ్ రాసిన ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో కాఠియావాడ్‌కు చెందిన ఒక అంటరాని ఉపాధ్యాయుడి ఉత్తరం ఉంది, అది 1929లో ‘యంగ్ ఇండియా’లో అచ్చయింది. కాన్పయిన రెండు రోజులకే భార్యకు జబ్బు చేసింది. డాక్టరు వాళ్ళ వాడలోకి రానన్నాడు. ఊరి పెద్దల్ని బతిమాలి, రెండు రూపాయల ఫీజు ఒప్పుకుంటే, వాడ బయటికి తీసుకొస్తేనే చూస్తానన్నాడు. బాలింతను బయటికి తెచ్చారు. థర్మామీటరు ఒక ముస్లిం చేతికిచ్చాడు, ఆయన భర్తకిచ్చాడు, భర్త భార్యకు పెట్టాడు. తిరిగి అదే వరసలో డాక్టరు చేతికి చేరింది. ముట్టుకోకుండానే నిమోనియా అన్నాడు. తర్వాత మళ్ళీ రానన్నాడు. ఆ తల్లి చనిపోయింది.

ఇప్పుడు ఎవరూ థర్మామీటరు అలా చేతులు మార్చి ఇవ్వరు. కానీ ‘మీకు చెప్పినా అర్థం కాదులే’ అనే మాట ఇంకా ఉంది. దానికి ‘సరే సారు’ అనే అలవాటు మనలోనూ ఉంది.

రెండో అడ్డంకి ‘రాత’. ‘ఏ జన్మలో ఏం చేసిందో, అనుభవిస్తంది’ అని బౌద్ధం తీసుకున్న ఇళ్ళల్లో కూడా వింటున్నాం. సంయుత్త నికాయంలో సీవకుడు అనే పరివ్రాజకుడు సరిగ్గా ఇదే అడిగాడు. మనిషి పడే బాధంతా పూర్వ కర్మ వల్లేనా అని. అలా అనేవాళ్ళు తప్పు చెబుతున్నారన్నాడు బుద్ధుడు. పైత్యం, శ్లేష్మం, వాతం, రుతువుల మార్పు, దెబ్బలు, ఇలా ఎన్నో కారణాలు లెక్కపెట్టి చూపించాడు. కారణం ఉంటే వెతకొచ్చు, మందు వేయొచ్చు. రాత అనుకుంటే వెతికేదేముంది?

అంగుత్తర నికాయంలో ముగ్గురు రోగుల సంగతి కూడా గుర్తుంచుకోండి. ఒకరు ఏం చేసినా బతకరు. ఒకరు ఏం చేయకపోయినా లేస్తారు. మూడోవారు తగిన తిండి, మందు, చూసే మనిషి దొరికితేనే లేస్తారు. ఆ మూడోవారి కోసమే వైద్యం, సేవ ఉన్నాయి, ఆయన కోసమే మిగతా ఇద్దరికీ అందాలి. మీ అమ్మ ఏ వరసలో ఉందో మీకు తెలియదు. కాబట్టి మూడో వరస అనుకునే నిలబడాలి.

నిలబడటం అంటే గొంతు పెంచడం కాదు. మా పక్క ఊరి ఉపాసకుడు ఒకాయన, డెబ్బై దాటాయి, బతుకంతా కూలి పనే. జ్వరంతో పెద్దాసుపత్రిలో చేర్చారు. పొద్దున్నే రౌండ్సుకొచ్చిన డాక్టరు ‘ఎలా ఉంది పెద్దాయనా’ అంటే ‘బాగుంది సారు, మీ దయ’ అనేవాడు. దొర అడిగితే బాధ చెప్పకూడదని చిన్నప్పటి నుంచీ నేర్చుకున్న మనిషి. రాత్రిపూట మాత్రం పొత్తికడుపు పట్టుకుని కూతురి దగ్గర మూలిగేవాడు. ఆ అమ్మాయి పదో తరగతితో ఆగిపోయింది. అయినా పది రూపాయల నోటుబుక్కు కొని, జ్వరం ఎంత, ఏ టైముకు ఏ ఇంజక్షన్, ఎన్ని నీళ్ళు తాగాడు, మూత్రం ఎప్పుడు పోశాడు, అన్నీ రాసింది. మర్నాడు రౌండ్సులో ‘సార్, నాన్న బాగుందంటాడు గానీ నిన్న మధ్యాహ్నం నుంచి ఒంటికి పోలేదు’ అని పుస్తకం చూపించింది. ఆ పూటే గొట్టం వేశారు, స్కాన్ రాశారు. ఇంకా ఆలస్యమైతే కిడ్నీలు దెబ్బతినేవని డ్యూటీ డాక్టరే అన్నాడు.

సేవకు తగిన మనిషికి బుద్ధుడు ఐదు గుణాలు చెప్పాడు. మందు సిద్ధం చేయగలగడం, రోగికి పడేది పడనిది తెలియడం, ప్రతిఫలం కోసం కాక మెత్తతో చేయడం, మలమూత్రాలకు అసహ్యించుకోకపోవడం, ధమ్మ మాటలతో ధైర్యం చెప్పగలగడం. రోగికీ కొన్ని చెప్పాడు, వాటిలో ఒకటి తన బాధ ఉన్నదున్నట్టు చెప్పడం. మన పెద్దలకు కష్టమైనది ఇదే. వాళ్ళు చెప్పలేని చోట ఆ నోటుబుక్కు చెబుతుంది.

ఇక్కడ ఒక మాట, మగవాళ్ళు కాస్త వినండి. పక్క గుడ్డలు మార్చేది, తిండి పెట్టేది కోడలో కూతురో. డాక్టరు పిలిస్తే లోపలికెళ్ళేది ఊరి నుంచి వచ్చిన కొడుకో, బావగారో. చూసినవాళ్ళు బయట, చూడనివాళ్ళు లోపల. ఇది మార్చండి. రాత్రంతా మేలుకున్న మనిషే డాక్టరు ముందు కూర్చోవాలి.

డాక్టరుతో మాట్లాడేటప్పుడు సమ్మా వాచ పనికొస్తుంది. మంచి మాటకు బుద్ధుడు చెప్పిన లక్షణాలు ఐదు: సమయానికి, నిజంగా, మెత్తగా, ప్రయోజనంతో, మైత్రితో మాట్లాడటం. ఎమర్జెన్సీలో పరుగెత్తే డాక్టరును ఆపి అడగొద్దు, రౌండ్సు తర్వాత అడగండి. జబ్బు పేరేంటి, ఈ పరీక్ష దేనికి, ఆపరేషన్ చేస్తే ఏమవుతుంది, చేయకపోతే ఏమవుతుంది, వేరే దారి ఉందా. ఈ నాలుగైదు చాలు. అర్థం కాకపోతే ‘తెలుగులో ఇంకోసారి చెప్పండి సార్’ అనండి, సిగ్గుపడాల్సింది లేదు. అడగటానికని డాక్టరు మీద చెయ్యెత్తడం మాత్రం శీలం కాదు, నేరం కూడా.

మెత్తగా అడగడం అంటే హక్కు వదులుకోవడం కాదు. 1992లో రైలు నుంచి పడిన హకీం షేక్ అనే కూలీని కలకత్తాలో ఒక ప్రభుత్వాసుపత్రి నుంచి ఇంకోదానికి తిప్పారు, మంచం లేదన్నారు. 1996లో సుప్రీంకోర్టు ఇది 21వ అధికరణంలోని జీవించే హక్కును కాలరాయడమేనని చెప్పి 25 వేల రూపాయల పరిహారం ఇప్పించింది. బాబాసాహెబ్ రాజ్యాంగం ఆసుపత్రి గేటు దాకా వస్తుందన్నమాట. కేస్ షీట్, రిపోర్టుల నకళ్ళు కావాలని రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నియమాలు చెబుతున్నాయి. ఆరోగ్యశ్రీ లాంటి పథకం కింద చేరితే, డబ్బు కట్టే ముందు ఆసుపత్రిలోనే ఉండే ఆరోగ్యమిత్రను కలవండి. సంతకం పెట్టమన్న కాగితం చదివించుకోకుండా పెట్టొద్దు.

అన్నిటికంటే కష్టమైనది చివరికి చెబుతున్నాను. అమ్మ తరఫున మాట్లాడుతున్నాం అనుకుంటూ అమ్మ మాట మింగేస్తాం. క్యాన్సర్ అని తెలిస్తే ఆమెకు తప్ప ఊరందరికీ చెబుతాం. తట్టుకోలేదంటాం. ఆకలి, కరువు, కారంచేడు, చుండూరు చూసిన తరం ఇది. తట్టుకోలేనిది వాళ్ళా, మనమా? స్పృహలో ఉన్నప్పుడే పక్కన కూర్చుని, నీకెంత వరకు తెలుసుకోవాలనుంది, వెంటిలేటర్ దాకా వస్తే ఏం చేయమంటావు, ఇంటికి తీసుకుపోవాలా అని అడగండి. బతికుండగానే ఇలాంటి కోరికను రాసిపెట్టుకోవడాన్ని 2018లో సుప్రీంకోర్టు గుర్తించింది. 2023లో ఆ పద్ధతిని తేలిక చేసింది, ఇద్దరు సాక్షులు, నోటరీ గానీ గెజిటెడ్ అధికారి గానీ చాలు. ఆమె ‘చాలు’ అంటే ఆ మాట డాక్టరుకు చేర్చడం కూడా సేవే. ‘బతకాలనుంది’ అంటే అప్పుచేసైనా ఆ మాటకు నిలబడటం సేవే. ఉపేక్ఖ అంటే పట్టించుకోకపోవడం అనుకుని కొందరు దూరంగా కూర్చుంటారు. ఉపేక్ఖ మనసు తొణకకుండా ఉండటానికి, కాళ్ళు కదలకుండా ఉండటానికి కాదు.

వచ్చే ఆదివారం విహారానికి వచ్చేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళు వాడే మందుల పేర్లు, పడని మందులు, పాత ఆపరేషన్లు, రక్తం గ్రూపు ఒక కాగితం మీద రాసి తీసుకురండి. చదువు రాని ఇళ్ళకు మన కుర్రాళ్ళు వెళ్ళి రాయాలి. త్రిశరణం, పంచశీల అయ్యాక, ఊళ్ళో ఎవరు ఆసుపత్రిలో చేరినా రాత్రి వంతులకు వెళ్ళేవాళ్ళ పేర్లు రాసుకుందాం. ఇద్దరిద్దరు చొప్పున, అందులో ఒకరైనా రాయగలిగినవాళ్ళు ఉండేట్టు.