మిగిలిన పట్టుదారం – మళ్ళీ పీచుగా



చందాపుర, ఆనేకల్ వైపు మగ్గాల ఇళ్ళలోనూ, మన రీలింగ్ కొట్టాల్లోనూ తెగిన పట్టుదారం చెత్తలో పోతుంటుంది. దీనిని తిరిగి పీచుగా మార్చి, సూదితో గుచ్చి చేసే ఉన్ని పువ్వులకు, బొమ్మలకు వాడవచ్చును.

పరీక్ష: దారాన్ని వేళ్ళతో నలపండి. బిరుసుగా ఉంటే బంక తీయని పచ్చి పట్టు. మెత్తని రంగు దారాన్ని ఉడికించనక్కరలేదు. జరీ పోగులు ఏరివేయండి.

బంక తీయుట: 100 గ్రాముల పచ్చి దారానికి 3 లీటర్ల నీరు, 25 గ్రాముల సబ్బు, 3 గ్రాముల బట్టల సోడా వాడాలి. స్టీలు గిన్నెలో, తెర్లనివ్వకుండా, గంటసేపు కాచాలి. కాస్టిక్ సోడా వాడరాదు, పట్టు పాడవుతుంది. వేడినీటిలో రెండుసార్లు కడిగి నీడలో ఆరబెట్టాలి. తూకం సుమారు 75 గ్రాములకు దిగుతుంది. భయపడవద్దు, పోయినది సెరిసిన్ అనే బంకే.

ఏకుట: 2 అంగుళాల ముక్కలుగా కత్తిరించి, పురి విప్పి, ఇనుపపళ్ళ బ్రష్షులు రెండింటి మధ్య దువ్వాలి. పురి మరీ గట్టిగా ఉన్న దారం విడివడదు. దానిని పక్కన పెట్టండి.

కలుపుట: ఉన్నిపోగుకు పొలుసులుంటాయి కనుక ఒకదానినొకటి పట్టుకుంటాయి. పట్టుపోగు నున్నన, ఒంటరిగా సరిగా నిలవదు. అందుచేత 3 పాళ్ళ గొర్రె ఉన్నికి 1 పాలు పట్టు కలపాలి. గొంగళ్ళు నేసే కురుబల ఇళ్ళలో ఉన్ని అడగవచ్చు. కింద స్పాంజి దిమ్మె ఉంచి, గంట్లున్న సూదితో నిలువుగా గుచ్చాలి. వేళ్ళు జాగ్రత్త!

మొదట 100 గ్రాములే చేసి చూడండి. కొనేవారు ఖాయం కానిదే సరుకు పెంచవద్దు. రీలింగ్ వ్యర్థం బస్తాల లెక్కన ఉంటే, దానిని స్పన్ సిల్కుకు అమ్ముకొనుటే మేలు.