ముద్ద దిగడం లేదు... ఏం పెట్టాలి?

మా నాన్నగారికి 62 ఏళ్లు. గొంతు క్యాన్సర్‌కు రేడియేషన్ ఇస్తున్నారు. నాలుగో వారం నుంచి ముద్ద దిగడం లేదు. నీళ్లు తాగినా పొలమారుతోంది. ఏం చేయాలి?
- ఓ పాఠకురాలు, ఖమ్మం

రేడియేషన్‌కు గొంతు లోపలి పొర పుండు పడుతుందమ్మా, లాలాజలమూ తగ్గిపోతుంది. చికిత్స అయ్యాక కూడా కొన్ని వారాలు బాధ ఉండొచ్చు. అలాగని సిట్టింగులు మానొద్దు.

చాలా ఇళ్లలో మజ్జిగతో సరిపెట్టేస్తారు. అది చాలదు, బరువు పడిపోతుంది. పెరుగన్నంలో చెంచాడు నెయ్యి వేసి మిక్సీ పట్టండి. ముద్దపప్పు, మెత్తటి గుడ్డు, చిక్కటి రాగి జావ రోజుకు ఆరేడుసార్లు కొద్దికొద్దిగా పెట్టండి. కారం, పులుపు, వేడి వద్దు. (ఆవకాయ అడిగితే కాసేపు బధిరులైపోండి!) డాక్టరు రాసిన నొప్పి మందు తిండికి అరగంట ముందు వేయండి. లీటరు నీళ్లలో చెంచాడు ఉప్పు, చెంచాడు వంటసోడా కలిపి తరచూ పుక్కిలించి ఉమ్మేయమనండి. నిటారుగా కూర్చునే తినాలి, తిన్నాక అరగంట పడుకోకూడదు.

నీళ్లకు పొలమారడం మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. అవి ఊపిరితిత్తుల్లోకి జారుతుండొచ్చు. రేపటి సిట్టింగులోనే డాక్టరుకు చెప్పి, మింగడంలో ఇబ్బందులు చూసే స్వాలో థెరపిస్టుకు చూపించండి. జ్వరం, ఆయాసం వచ్చినా, నీళ్లూ దిగకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆహారం కోసం ముక్కు గొట్టం పెడతామంటే భయపడకండి, అది చాలామందికి కొన్నాళ్ల ఏర్పాటే.