కొత్త బ్రష్ నురగ తాగేస్తోంది!

ప్రశ్న: ఇటలీలో తయారైన ఒమేగా షేవింగ్ బ్రష్ కొన్నాను. పంది వెంట్రుకలది. ఒకటే వాసన, గుచ్చుకుంటోంది. సగం గడ్డం గీసేసరికే నురగ మాయం. నాసిరకం అంటగట్టారా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: లేదండీ, బ్రష్ ఇంకా వాడుకలో పడలేదంతే. పంది వెంట్రుక నీళ్లు బాగా పీలుస్తుంది. పైపైన తడిపి సబ్బు మీద రుద్దితే నురగలోని తడంతా అదే లాగేసుకుంటుంది. అందుకే ముందుగా మగ్గులో గోరువెచ్చని నీళ్లు పోసి, వెంట్రుకలు మాత్రమే మునిగేలా ఐదు నిమిషాలు నానబెట్టండి. పిడి దాకా ముంచితే జిగురు వదలొచ్చు. సలసల కాగే నీళ్లు అసలు వద్దు.

వాసనకు విరుగుడు సబ్బే. గడ్డం గీసుకోని రోజు కూడా అరచేతిలో నురగ చేసి, బ్రష్‌ను ఆ నురగతోనే రాత్రంతా వదిలేసి పొద్దున కడగండి. గుచ్చుకోవడం మాత్రం వాడగా వాడగా తగ్గాల్సిందే. కొన్ని వారాలయ్యాక భూతద్దంతో చూడండి, ఒక్కో వెంట్రుక కొన రెండు మూడు పాయలుగా చీలి ఉంటుంది. మెత్తదనం ఆ చీలికల్లోంచే వస్తుంది. తొందరపడి కొనలు కత్తిరించారో, మళ్లీ మొదటికే! మొదట్లో నాలుగు వెంట్రుకలు రాలినా కంగారొద్దు.

మీది బోరు నీళ్లా? అందులోని కాల్షియం, మెగ్నీషియం సబ్బును తెట్టుగా మార్చేస్తాయి. ఒకసారి ఆర్‌ఓ నీళ్లతో చేసి చూడండి, తప్పెవరిదో తేలిపోతుంది. వాడాక బాగా కడిగి, విదిలించి, గాలి తగిలేచోట ఆరబెట్టండి. తడిగా డబ్బాలో మూస్తే బూజు పడుతుంది.