చిగుళ్లు మళ్లీ పెరుగుతాయా?



"చిగుళ్లు జారిపోయాయి, పళ్లు కదులుతున్నాయి. ఏదైనా మందు రాస్తే మళ్లీ పెరుగుతాయా?" అని చాలామంది మమ్మల్ని అడుగుతుంటారు. మందు రాసినంత మాత్రాన పెరగవు. కానీ సరైన ఆధారం ఇస్తే, కొందరిలో శరీరమే పోయినదాన్ని కొంతవరకు తిరిగి కట్టుకుంటుంది. అదెలాగో తెలుసుకుందాం.

చిగుళ్లు ఎందుకు పాడవుతాయి?

పంటి మీది పాచిని రోజూ తొలగించకపోతే గట్టిపడి గార అవుతుంది. చిగురు వాచి, రక్తం కారి, పంటికీ చిగురుకీ మధ్య సందు పెరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న చిగురులో ఈ సందు సాధారణంగా 3 మిల్లీమీటర్లు దాటదు. వ్యాధి ముదిరితే పంటిని పట్టి ఉంచే నారపోగులు, ఎముక కరిగిపోతాయి. నొప్పి అంతగా ఉండదు కాబట్టి చాలామంది పన్ను కదిలేదాకా వైద్యుని దగ్గరకు రారు.

ఆధారం ఏం చేస్తుంది?

శుభ్రం చేసిన గుంటలోకి చిగురు పైపొర కణాలు త్వరగా దిగుతాయి. ఎముక, నారపోగుల కణాలు నెమ్మదిగా పెరుగుతాయి. ముందొచ్చినవి చోటు ఆక్రమిస్తే వెనక వచ్చేవాటికి చోటుండదు. అందుకే మధ్యలో పలుచని పొరను అడ్డుపెడతారు. ఈ పద్ధతితో మనిషి పంటికి కొత్త పట్టు వస్తుందని నీమన్, లిండే తదితరులు 1982లో చూపించారు.

ఇప్పుడు కొలాజెన్ అనే మాంసకృత్తుతో చేసిన పొరలు వాడుతున్నారు. తీగకు పందిరి వేసినట్టు ఇవి కణాలకు ఆసరా ఇచ్చి, పని అయ్యాక వాటంతట అవే కరిగిపోతాయి. మరో పద్ధతిలో రోగి రక్తాన్నే కొద్దిగా తీసి, యంత్రంలో తిప్పి, గడ్డకట్టిన ఫైబ్రిన్‌ను పొరగా వాడతారు. దీన్ని 2001లో ఫ్రాన్స్‌లో షుక్రూన్ వివరించారు.

అందరికీ పనికొస్తుందా?

లేదు. పంటి పక్కన లోతుగా, ఇరుకుగా ఉన్న గుంటల్లో ఫలితం బాగుంటుంది. ఎముక అన్ని పళ్ల చుట్టూ సమంగా తగ్గిపోతే అంతగా ఉండదు. మధుమేహం అదుపులో లేకపోయినా, పొగ తాగినా గాయం సరిగా మానదు.

మన విశాఖ, శ్రీకాకుళం తీరంలో కొందరు స్త్రీలకు అడ్డపొగ అలవాటుంది. అంటే చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకోవడం. దీనివల్ల అంగిలికి క్యాన్సర్ వస్తున్న సంగతిని కోస్తాంధ్ర రోగులను చూసిన రెడ్డి, రావు అనే వైద్యులు 1957లోనే రాశారు. జారిన చిగురును కప్పడానికి కావలసిన కండను సాధారణంగా అంగిలి నుంచే తీస్తారు. కాబట్టి అడ్డపొగ తాగేవారికి చిగుళ్ల వైద్యం కన్నా ముందు అంగిలి పరీక్ష జరగాలి. మీ ఇంట్లో అమ్మమ్మకో, నాయనమ్మకో ఈ అలవాటుంటే మందలించకండి. వెంటబెట్టుకుని పరీక్షకు తీసుకురండి.

గుర్తుంచుకోండి

• రోజుకు రెండుసార్లు మెత్తని బ్రష్‌తో పళ్లు తోముకోండి.
• చిగుళ్ల నుంచి రక్తం కారితే పన్ను కదిలేదాకా ఆగకండి.
• గార తీయించుకుంటే పళ్లు వదులవుతాయన్నది అపోహ. వదులు చేసేది గారే.
• శస్త్రచికిత్స తర్వాత కూడా వైద్యులు చెప్పిన గడువుల్లో పరీక్షకు రండి.

పందిరి మేము వేయగలం. తీగను కాపాడుకోవలసింది మీరే.