కట్టమంచివారి విమర్శ – కొల్లేటి కథ

ఏలూరులో సర్ సి.ఆర్.రెడ్డి కళాశాలను ఎరుగని విద్యార్థి లేడు. ఆ పేరుగల కట్టమంచి రామలింగారెడ్డిగారు (1880–1951) ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ప్రథమ ఉపాధ్యక్షులని కూడా పలువురు చెప్పగలరు. ఆయన కవి అని చెప్పగలవారు మాత్రం తక్కువ.

ఇటీవల ఏలూరు, తాడేపల్లిగూడెం కవిమిత్రులు కొందరు ఆయన ‘కవిత్వతత్త్వ విచారము’ను ముందుంచుకొని గోష్ఠి జరిపారు. పింగళి సూరన కావ్యాలపై 1914లో వెలువడిన సుదీర్ఘ విమర్శ అది. భావనాశక్తియే కవిత్వానికి జీవమని అందులో ఆయన వాదించారు. సూరన కథాకల్పనను మెచ్చుకొని, అనుకరణతో బ్రతికిన ప్రబంధాలను నిర్దాక్షిణ్యంగా ఖండించారు. పాశ్చాత్యుల కొలబద్దతో మన కావ్యాలను కొలిచారని గోష్ఠిలో ఒకరు ఆక్షేపించారు. ఆ దెబ్బ తగలకపోతే మనకు ఆధునిక విమర్శయే లేదని మరొకరు అన్నారు. రెండూ నిజమే. అయితే తీర్పును గూర్చి తగవులాడుటకంటె, ఆ ప్రశ్ననే మన కథలకు వేసి చూచుట మేలని నాకు తోచింది. చివరకు విద్యార్థులచేత క్రొత్త వ్యాసాలు వ్రాయించాలని నిశ్చయించి, ఆ పని నాకు అప్పగించారు.

విషయం దగ్గరలోనే ఉన్నది. రెడ్డిగారు మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదువుతూ 1899లో వ్రాసి బహుమతి పొందిన కావ్యం ‘ముసలమ్మ మరణము’. అనంతపురం ప్రాంతపు బుక్కరాయసముద్రం చెరువు తెగబోగా, ఊరికోసం ఆ ఇంటి కోడలు ప్రాణమిచ్చిన కథ అది. మన కొల్లేటికీ ఇటువంటి ఐతిహ్యం ఉన్నది. కొల్లేటికోటలోని గజపతుల దుర్గాన్ని ముస్లిం సేన ముట్టడించినప్పుడు, సరస్సు నీటిని సముద్రానికి వదలుటకు ఉప్పుటేరు త్రవ్వారనీ, ఆ సందర్భంలో ఒక సేనాని కన్నకూతురినే బలియిచ్చాడనీ, అందుచేతనే ఆ కాలువకు పేరంటాల కనమ అని పేరు వచ్చిందనీ చెబుతారు.

అక్కడ నీరు నిలువవలెను. ఇక్కడ నీరు పోవలెను. ముసలమ్మ తానే నిశ్చయించుకొని నడచిపోయింది. ఈ బాలిక మనస్సులో ఏమున్నదో కథ చెప్పదు, పేరైనా చెప్పదు. భావనకు పని ఇక్కడనే ఉన్నది. ముసలమ్మకు కావ్యంలో మాట ఇచ్చినవాడు ఒక కళాశాల విద్యార్థి అని మరువవద్దు.

కథలో ఒక పక్షం ముస్లిం సేన అని మన పిల్లలు సంకోచించనక్కరలేదు. గజపతులూ పోయారు, సుల్తానులూ పోయారు. కొల్లేటి నీరు మాత్రం ఈనాటికీ ఉప్పుటేరు దారినే సముద్రం చేరుతున్నది. అది తీయకపోతే మునిగే చేలు అందరివీ.

లంక గ్రామాల విద్యార్థులు ముందుగా ఇంటి పెద్దలను అడిగి, వారు చెప్పిన కథను చెప్పినట్లే వ్రాసికొనవలెను. తరువాతనే కావ్యం చదివి పోల్చవలెను. కట్టమంచివారిని పొగడుతూ వ్రాసిన వ్యాసం నాకు అక్కరలేదు. ఆయనతో విభేదించినా కారణం చూపితే చాలు. ఇంట ఉర్దూలో కథ విన్నవారు ఉర్దూలోనే వ్రాయవచ్చును, తెలుగు చేయుట నా వంతు. కాగితానికి ఒక ప్రక్కనే వ్రాసి తెలుగు శాఖలో ఇవ్వవలెను.