చివరి అంకె దగ్గర వచ్చే తేడా



కంపైలర్ పరీక్ష ఒక యంత్రం మీద నెగ్గి, మరొక దాని మీద చివరి అంకె తేడాతో తప్పినప్పుడు, కొత్తవారు తరచుగా టాలరెన్స్‌ను, అంటే ఆశించిన విలువకూ వచ్చిన విలువకూ మధ్య ఓర్చుకోదగిన దూరాన్ని, కాస్త పెంచి ఊరుకుంటారు. దానితో పరీక్ష నెగ్గుతుంది గాని, ఆ తేడా యంత్ర స్వభావమా, కంపైలర్ పొరపాటా అన్నది తేలకుండానే మిగిలిపోతుంది.

ఫ్లోటింగ్ పాయింట్ లెక్కలకు చెందిన 1985 నాటి ఐఈఈఈ 754 ప్రమాణం కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం, వర్గమూలాల ఫలితాన్ని ఎలా రౌండ్ చేయాలో ఖరారు చేసింది కనుక, ఒకే ఫార్మాట్‌లో, ఒకే రౌండింగ్ పద్ధతిలో, ఒకే వరుసలో జరిగిన ఈ లెక్కలకు యంత్రం మారినా విలువ మారకూడదు. సైన్, కొసైన్ వంటి ఫంక్షన్ల విషయం వేరు. అక్కడ చివరి బిట్ గణిత లైబ్రరీని బట్టి మారవచ్చు.

అయినా మామూలు లెక్కల్లోనే తేడా వస్తుందంటే, మొదట అనుమానించవలసినది ఎఫ్ఎంఏను, అనగా గుణకారాన్నీ కూడికనూ కలిపి చివర ఒక్కసారే రౌండ్ చేసే ఆదేశాన్ని. ఇది 64 బిట్ల ఆర్మ్ యంత్రాల మూల ఆదేశాల్లోనే ఉంది, x86-64 కనీస ఆదేశాల్లో లేదు. కంపైలర్లలో జీసీసీ చాలాకాలంగానూ, క్లాంగ్ 14వ వెర్షన్ నుంచీ, ఎవరూ అడగకుండానే ఈ కలయికకు అనుమతిస్తున్నాయి. అందువల్ల ఎ, బి రెండూ 0.1 అయినప్పుడు ఎ వర్గం నుంచి బి వర్గాన్ని తీసివేస్తే ఒకచోట సున్నా, మరొకచోట అతి చిన్న సంఖ్య రావచ్చు. ఆశించినది సున్నా కనుక, శాతంగా పెట్టిన టాలరెన్స్ ఇక్కడ ఎంత పెంచినా అక్కరకు రాదు. (ఆ 0.1ని ప్రోగ్రాములో స్థిరాంకంగా రాస్తే కంపైలర్ తానే ముందుగా లెక్క కట్టేయవచ్చు. అప్పుడు పరీక్షించినది యంత్రాన్నే కాదు.)

ఎఫ్ఎంఏ ఒక్కటే కారణం కాదు. x86 యంత్రాల్లోని పాత x87 యూనిట్ 80 బిట్ల రిజిస్టర్లలో లెక్కించి, మెమరీకి పంపేటప్పుడు 64 బిట్లకు కుదించేది కనుక, ఆప్టిమైజేషన్ స్థాయి మారినా జవాబు మారేది. సున్నాను సున్నాతో భాగిస్తే వచ్చే నాన్ (సంఖ్య కానిది అని సూచించే) విలువకు x86 మీద సాధారణంగా రుణ గుర్తు ఉంటుంది, ఆర్మ్ మీద ఉండదు. ముద్రించిన అక్షరాలను పోల్చే పరీక్ష ఇంతమాత్రానికే తప్పుతుంది.

కనుక కోడ్ జనరేషన్‌ను పరీక్షించేచోట పైన చెప్పిన గుణకార, కూడికల కలయికను, అనగా కాంట్రాక్షన్‌ను ఆపివేసి, 0.5, 0.25, 3 వంటి బైనరీలో ఖచ్చితంగా ఇమిడే విలువలను ఎంచుకుని, వాటిని ప్రోగ్రామ్ నడిచేటప్పుడు అందించి, బిట్లకు బిట్లు సరిపోల్చడమే మేలు. సైన్ వంటివాటికి టాలరెన్స్ తప్పనప్పుడు దానిని యూఎల్‌పీలలో, అంటే ఆ విలువ దగ్గర పక్కపక్క సంఖ్యల మధ్య ఉండే దూరాన్ని కొలమానంగా తీసుకుని, పేర్కొని, అంతే ఎందుకు సరిపోతుందో ఆ పంక్తి పక్కనే వ్యాఖ్యగా రాయవలసి ఉంటుంది.